వెనక నిలబడే మనిషి

వంటగట్టు రాయిని మెట్ల మీదుగా పైకి తీసుకెళ్ళేటప్పుడు బరువు చాలావరకు కింద ఉన్నవాడి మీదే పడుతుంది. పైన ఉన్నవాడు దారి చూడాలి, మలుపు దగ్గర రాయిని తిప్పాలి, అది వెనక్కి జారకుండా పట్టి ఉంచాలి. ఆ అన్నదమ్ములిద్దరూ ఏళ్ళ తరబడి అలాగే మోశారు. పెద్దవాడు పైన, చిన్నవాడు కింద. చిన్నవాడిది ఎద్దులాంటి ఒళ్ళు. తోటి పనివాళ్ళు అతన్ని క్రేను అని పిలిచేవారు. పెద్దవాడికి కన్ను మంచిది. గోడ ఎక్కడ వంకరపోయిందో టేపు తియ్యకుండానే చెప్పేవాడు. తండ్రి పోయినప్పుడు చిన్నవాడింకా బడిలోనే ఉన్నాడు. అతన్ని పెంచిందీ, రాయి కోసే కట్టరు చేతికిచ్చి పని నేర్పిందీ అన్నే.

ఆ రోజు వాళ్ళు వెళ్ళిన అపార్ట్‌మెంటులో లిఫ్టు ఇంకా బిగించలేదు. మూడో అంతస్తుకి నల్లరాయి పలక ఒకటి ఎక్కించాలి. రెండో అంతస్తు మలుపు దాటి నాలుగు మెట్లు ఎక్కారో లేదో, పైనున్న పట్టు తప్పింది. ముందుగా ఒక కేక కూడా లేదు. పలక అంచు మీద జారుతూ వచ్చి చిన్నవాడి ఎడమ మోకాలి కింద తగిలి, అతన్ని గోడకేసి నొక్కి ఆగింది. ఆ తర్వాత పక్కకి ఒరిగి రెండు ముక్కలైంది.

పెద్దవాడు నాలుగు మెట్లూ ఒక్క అంగలో దిగి తమ్ముడి పక్కన కూలబడ్డాడు.

"చెయ్యి జారిందిరా," అన్నాడు.

ఆస్పత్రిలో డాక్టరుకీ అదే చెప్పాడు. భార్యకీ అదే చెప్పాడు. ఆ ఇంటి మేస్త్రీ వచ్చి అడిగితే అతనికీ అదే చెప్పాడు. ఇంకెవరూ ఏమీ అడగలేదు. రాయి పనిలో చేతులు జారడం కొత్తేమీ కాదు.

మోకాలి కిందున్న ఎముక పగిలింది. లోపల ప్లేటు పెట్టి స్క్రూలు బిగించారు. చిన్నవాడు ముందు మంచం మీద, తర్వాత వాకరు పట్టుకుని, ఆ తర్వాత ఒంటి కర్రతో నెలలు గడిపాడు. అతనికి పెళ్ళి కాలేదు. అన్నావదినలతోనే ఉంటాడు. ఇంటి వెనక రేకుల షెడ్డులోనే రాళ్ళు కోసే పని. పొద్దున్నే మిషను మొదలైతే పడుకున్న గదిలోకి ఆ చప్పుడూ, సన్నని దుమ్మూ వచ్చేవి. ఆ చప్పుడు వింటే ఏ రాయి కోస్తున్నారో, బ్లేడు ఎంత అరిగిందో అతనికి తెలిసిపోయేది. కిటికీ మూసుకోమని వదిన అంటే వద్దనేవాడు.

అన్నతో మాట్లాడటం మాత్రం తగ్గించాడు. దెబ్బలాట ఏమీ లేదు. అడిగినదానికి జవాబు చెప్పేవాడు. ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి అన్న వస్తే భుజం మీద చెయ్యి వేసి నడిచేవాడు. కానీ "జారింది" అన్న ఒక్క మాటతో ఆ సంగతి ముగిసిపోయినట్టు అన్న తిరుగుతున్నాడని అతనికి లోపల కష్టంగా ఉండేది. క్షమించమని కాళ్ళ మీద పడాలని కాదు. కూర్చుని ఆ రోజు ఏమైందో ఒక్కసారి చెప్తే బాగుండుననుకున్నాడు. అన్న నోరు మెదపలేదు.

ఎముక అతుక్కుందని ఎక్స్‌రేలో తేలాక డాక్టరు అతన్ని ఫిజియో దగ్గరికి పంపాడు. ఆమెది పిట్ట కొంచెం కూత ఘనం. చిన్నవాడి భుజం దాకా కూడా రాదు గానీ, మాట్లాడితే పక్క గదిలో పేషెంట్లు ఉలిక్కిపడేవారు. మొదటిరోజే టేపు తీసి రెండు తొడలూ కొలిచి చూపించింది. ఎడమ తొడ కుడిదాని ముందు చిన్నపిల్లాడి తొడలా ఉంది. మోకాలి పైన, లోపలివైపు, కండ ఉండాల్సిన చోట పల్లం పడింది.

"వాడని కండ ఇలా కరిగిపోతుంది," అంది ఆమె. "ఇప్పుడు దీనికి కావాల్సింది విశ్రాంతి కాదు. బరువు."

"నడక చాలదా మేడమ్?"

"మీరు ఆఫీసులో కూర్చునేవాళ్ళయితే చాలు. మళ్ళీ రాళ్ళు మొయ్యాలంటున్నారుగా? మీ ఒంటి బరువంత బరువు భుజాల మీద పెట్టుకుని, కూర్చుని లేవండి. అది చేశాక రాయి సంగతి మాట్లాడదాం."

ఈ మాట ఇంటికొచ్చి చెప్తే వదిన నమ్మలేదు. "విరిగిన కాలితో బరువులెత్తమందా? మూలిగే నక్క మీద తాటిపండు పడెయ్యమన్నట్టుంది. ఆవిడ నిజంగా చదువుకుందో లేదో కనుక్కున్నావా?"

"గోడ మీద సర్టిఫికెట్టు ఉంది వదినా."

"మన షెడ్డు గోడ మీదా ఉత్తమ పనివాడు అని మీ అన్నకి సిమెంటు కంపెనీవాళ్ళిచ్చిన సర్టిఫికెట్టుంది."

అయినా ముందుగదిలో సోఫాను గోడకి జరిపి, షెడ్డులోంచి పాత రబ్బరు పట్టా తెచ్చి పరిచింది ఆమే. సింకు పట్టేందుకు వంటగట్టు మధ్యలో కోసి తీసేసిన రాతి ముక్కలు షెడ్డు మూల గుట్టగా పడి ఉండేవి. చిన్నవాడు వాటిని గోనెసంచిలో వేసి గుండెకి హత్తుకుని, కుర్చీ మీద కూర్చుని లేవడంతో మొదలుపెట్టాడు. మొదటి ముక్కకే ఎడమ తొడ జున్నులా వణికింది. రెండో వారానికి రెండు ముక్కలు. తర్వాత సంచి కుట్లు తెగిపోయాయి.

మూతపడిన జిమ్ము ఒకటుందని విని, ఒక పొడుగాటి ఇనప కడ్డీ, దానికి ఎక్కించే బిళ్ళలు ఆటోలో వేయించుకొచ్చాడు. ఆ మర్నాడు పొద్దున లేచేసరికి ముందుగదిలో రెండు ఇనప స్టాండ్లు నిలబెట్టి ఉన్నాయి, కడ్డీ ఆన్చడానికి. కొత్త వెల్డింగు వాసన ఇంకా పోలేదు. ఎత్తు సరిగ్గా అతని భుజాలకి కొలిచినట్టుంది. ఎవరు చేయించారని అతను అడగలేదు. అన్నా చెప్పలేదు.

కడ్డీ వచ్చాక ఇల్లు పీకి పందిరేసినట్టయింది. ఫోన్లో ఆర్డర్లు తీసుకునే వదిన మధ్యలో ఆగి, "ఏమీ లేదండీ, మా మరిది ఇనుం దించుతున్నాడు," అని అవతలివాళ్ళకి చెప్పుకోవాల్సి వచ్చేది. పొద్దున కూర్చుని లేవడం, ఒకరోజు విడిచి ఒకరోజు కడ్డీని నేల మీంచి నడుము దాకా ఎత్తడం, సాయంత్రం ఎడమ కాలితో మాత్రం మెట్టు ఎక్కి దిగడం. చిన్నవాడు దీన్ని కూడా ఒక పనిలాగే చేశాడు. బాగా చేసినరోజు సంతోషం లేదు, చెయ్యలేనిరోజు ఏడుపు లేదు. నొప్పి పుడితే కూర్చుని, అది కండలోనా కీలులోనా అని వేలితో నొక్కి చూసుకునేవాడు. కండలోనైతే మళ్ళీ లేచేవాడు. స్నానం చేసేటప్పుడు అద్దంలో ఆ పల్లం చూసుకోవడం మాత్రం మానలేకపోయాడు. అది కొద్దికొద్దిగా పూడుతూ వచ్చింది.

బరువు పెరిగాక వెనక ఎవరో ఒకరు నిలబడాలంది ఫిజియో. కిందికి కూర్చున్నాక లేవలేకపోతే ఛాతీ కింద చేతులు వేసి లేపడానికి. కొన్నాళ్ళు వదినే నిలబడింది.

"నువ్వు పడితే నేను పట్టుకోను, ముందే చెప్తున్నా. పక్కకి తప్పుకుంటా," అనేది.

"అందుకేగా నిన్ను పెట్టుకుంది. భయానికి లేస్తాను."

కొన్నాళ్ళకి ఆమెకే నిజంగా భయమేసింది. "ఇంత ఇనుం నావల్ల కాదు. నీతోపాటు నేనూ మంచమెక్కితే మీ అన్న ఇద్దరికీ సేవ చెయ్యాలి. ఆయన్నే నిలబడమనొచ్చుగా?"

"వద్దు."

"ఏం?"

"అన్న చేతుల మీద నాకు నమ్మకం లేదు వదినా."

ఆమె నాలుక కరుచుకుంది. చిన్నవాడు వెనక్కి తిరిగి చూశాడు. గుమ్మంలో పెద్దవాడు టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉన్నాడు. గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టి, షెడ్డులోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి మిషను చప్పుడు మొదలైంది.

ఆ మాట వెనక్కి తీసుకోవాలని చిన్నవాడికి అనిపించలేదు. ఉన్నమాటే అన్నాననుకున్నాడు.

ఆదివారం వచ్చింది. షెడ్డుకి సెలవు. వదిన ముందు నిలబడి ఊరికే చూస్తుండగా, అతను అంతకుముందెప్పుడూ పెట్టని బరువు పెట్టాడు. మొదటిసారి లేచాడు. రెండోసారీ లేచాడు. మూడోసారి కిందికి కూర్చున్నాక ఎడమ తొడ మాట వినలేదు. సగం దాకా లేచి అక్కడే ఆగిపోయాడు. కడ్డీ మెడ మీదికి దొర్లుతోంది. విసిరేద్దామంటే వెనక స్టాండు, ముందు వదిన.

"ఏవండీ!" అని ఆమె పెట్టిన కేకకి పెద్దవాడు పెరట్లోంచి పరుగెత్తుకొచ్చాడు. స్టాండ్ల మధ్యలోంచి తమ్ముడి వెనకకి దూరి, చంకల కింద నుంచి రెండు చేతులూ పోనిచ్చి, మోచేతులు మడిచి అతని ఛాతీని బిగించి లేపాడు. ఇద్దరూ కలిసి కడ్డీని స్టాండు మీదికి తోశారు. అది ఠంగుమని కూర్చుంది.

చిన్నవాడు పట్టా మీద కూలబడి ఊపిరి తీసుకున్నాడు. అన్న కడ్డీకున్న బిళ్ళలు తియ్యడం మొదలుపెట్టాడు. ఎడమచేత్తో తీసిన బిళ్ళ బాగానే కిందికి దిగింది. కుడిచేత్తో పట్టుకున్నది మాత్రం వేళ్ళలోంచి సబ్బుబిళ్ళలా జారి, పట్టా దాటి టైలు మీద పడింది. టైలు నిలువునా చీలింది.

"అయ్యో, కొత్త టైలు!" అంది వదిన.

చిన్నవాడు టైలు చూడలేదు. అన్న అంత బలంగా తనను లేపినా, అరచేతులు తన ఒంటికి తగల్లేదని అప్పుడు గుర్తొచ్చింది. లేచి వెళ్ళి అన్న కుడి మణికట్టు పట్టుకుని అరచెయ్యి వెలుతురుకి తిప్పాడు. పెద్దవాడు లాక్కోబోయాడు గానీ లాక్కోలేకపోయాడు.

బొటనవేలి మొదట్లో, ఎవరికైనా గుండ్రంగా ఎత్తుగా ఉండే కండ, అక్కడ లేదు. చెంచాతో తోడేసినట్టు పల్లం. అలాంటి పల్లాన్ని నెలల తరబడి అద్దంలో చూసినవాడికి అదేమిటో ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

"ఎప్పట్నించి?" అన్నాడు చిన్నవాడు.

"ఏంటి?"

"అన్నా. ఎప్పట్నించి?"

పెద్దవాడు స్టూలు మీద కూర్చున్నాడు. "తిమ్మిరి రెండేళ్ళ నుంచి ఉంది. పట్టు పోవడం... నీ కాలు విరగడానికి ముందు ఎండాకాలం నుంచి. మిషను పట్టుకుని పట్టుకుని అలా అయిందేమో, తగ్గుతుందిలే అనుకున్నా."

"ఎవరికీ చెప్పలేదు."

"చెప్తే ఎవరన్నా రాయి పట్టుకోనిస్తారా నన్ను?"

"పట్టుకోనివ్వకపోతేనే బాగుండేది కదా!"

ఇంట్లో అతను గొంతు పెంచడం అదే మొదలు. "ఇన్నాళ్ళూ చెయ్యి జారిందనుకున్నాను. ఎవరికైనా జారుతుంది, నాకూ జారొచ్చు అనుకున్నాను. నీది జారడం కాదు. జారుతుందని నీకు తెలుసు. తెలిసే పైన నిలబడ్డావు."

వదిన ఇద్దరి మధ్యా నిలబడి, ఎవరినో వెతుకుతున్నట్టు అటూ ఇటూ చూసింది.

"చొక్కా గుండీలు నన్నే పెట్టమనేవాడు," అంది చివరికి, చాలా చిన్నగా. "సంవత్సరం నుంచి. ముద్దు చేస్తున్నాడనుకుని మురిసిపోయాను."

అజాగ్రత్త అనుకున్నప్పుడు ఉన్న కోపం కన్నా, సంగతి తెలిశాక వచ్చిన కోపం పెద్దది. ఆ వారమంతా చిన్నవాడు కంచం తీసుకుని తన గదిలోకి వెళ్ళి తిన్నాడు. వ్యాయామం మానలేదు. తక్కువ బరువుతో చేసుకున్నాడు. వదిన రెండువైపులా తిరుగుతూ రెండువైపులా తిట్లు తిన్నది. "మీ ఇద్దరి మూతులూ చూస్తుంటే ఎవరికి ఆపరేషనైందో తెలీడం లేదు," అని ఒకసారి గట్టిగానే అంది.

తర్వాతి వారం ఫిజియో దగ్గరికి వెళ్ళినప్పుడు చిన్నవాడు కాలు చూపించి, వెళ్ళబోతూ ఆగాడు.

"ఒక చెయ్యి చూడాలి మేడమ్. నాది కాదు."

బయట బండి మీద కూర్చున్న పెద్దవాణ్ణి లోపలికి పిలిచారు. ఆమె అరచెయ్యి తిప్పి చూసి, బొటనవేలితో చిటికెనవేలు తాకమంది. అతను తాకించలేకపోయాడు. ఆమె గొంతు మామూలుగానే పెద్దది. ఆ రోజు వీధిలోకి వినపడింది.

"ఇంత కరిగిపోయేదాకా ఏం చేశారండీ? నిద్ర పట్టిందా అసలు?"

"చెయ్యి కిందికి వేలాడేసుకుని పడుకుంటే పట్టేది," అన్నాడు పెద్దవాడు, బడిలో తప్పు చేసిన పిల్లాడిలా. చిన్నవాడు గోడ మీద సర్టిఫికెట్టు చదువుతున్నట్టు నిలబడ్డాడు.

మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందని పరీక్షలో తేలింది. ఏళ్ళ తరబడి మిషను అదురుకి ఇలా రావచ్చన్నారు. చిన్న ఆపరేషను చేశారు. తిమ్మిరి పోతుందిగానీ, పోయిన కండ వస్తే వస్తుంది, రాకపోతే లేదని డాక్టరు ముందే చెప్పాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఇలాగే ఉంటుందని వదిన అంది. అని, గుండీలు పెట్టింది.

కట్టు ఉన్నన్ని రోజులూ పెద్దవాడికి షెడ్డులో పని లేదు. ఏం తోచక ముందుగదిలో స్టూలు వేసుకుని తమ్ముడి వ్యాయామం చూసేవాడు. ఒకసారి ఎడమచేత్తో సుద్దముక్క పట్టుకుని స్టాండ్ల మీద గీతలు గీశాడు. నడుం ఎత్తులో ఒక్కో స్టాండు నుంచి ముందుకి ఒక్కో ఊచ వేయిస్తే, లేవలేకపోయినా బరువు వాటి మీద ఆగుతుందన్నాడు. వెల్డింగువాడు వచ్చి వేసివెళ్ళాడు. దాని గురించి ఇద్దరూ రెండు మూడు మాటలు మాట్లాడుకోవాల్సి వచ్చింది. ఎత్తు చాలదని ఒకడు, చాలునని ఒకడు.

అలా ఒక సాయంత్రం, తమ్ముడు రెండు విడతల మధ్య చెమట తుడుచుకుంటుంటే, పెద్దవాడు నేలవైపు చూస్తూ మొదలుపెట్టాడు.

"ఆ రోజు కింద ఇంకెవడైనా ఉంటే నేను రాయి పట్టుకునేవాణ్ణి కాదురా."

చిన్నవాడు తువ్వాలు దించాడు.

"కింద నువ్వున్నావు కాబట్టే పట్టుకున్నాను. నా చెయ్యి వదిలేసినా నువ్వు ఆపుతావనుకున్నాను. క్రేను కదా అనుకున్నాను. నిజంగా అంతే అనుకున్నాను."

చిన్నవాడు తువ్వాలు స్టాండుకి తగిలించాడు.

"ఆపాను కదా," అన్నాడు చిన్నవాడు. "కాలితో."

పెద్దవాడికి నవ్వొచ్చింది. నవ్వినందుకు సిగ్గేసి, మొహం కట్టున్న చేతిలో దాచుకున్నాడు. అతని భుజాలు చాలాసేపు కదిలాయి. నవ్వో ఏడుపో చిన్నవాడు తేల్చుకోదల్చుకోలేదు. లేచి కడ్డీ కిందికి వెళ్ళాడు.

"రా. వెనక నిలబడు."

"చెయ్యి ఇంకా..."

"చేతులొద్దు. మోచేతులు చాలు."

పెద్దవాడు వెనక నిలబడ్డాడు. ఆ రోజుగానీ ఆ తర్వాత రోజుల్లోగానీ అతను తమ్ముణ్ణి ముట్టుకోవాల్సిన అవసరం రాలేదు. వానాకాలం మొదలయ్యేసరికి చిన్నవాడు తన ఒంటి బరువంత బరువు మోసుకుని కూర్చుని లేచాడు. ఫిజియో దగ్గరికి ఆ వీడియో తీసుకెళ్తే, ఆమె రెండుసార్లు చూసి, మోకాలు కొంచెం లోపలికి పోతోందని తిట్టి, పనికి వెళ్ళమంది.

కాలు పూర్తిగా పాతదానిలా కాలేదు. ఎక్కేటప్పుడు బాగానే ఉంటుంది, దిగేటప్పుడు లాగుతుంది. పొడుగు పలకలకి ఇప్పుడు నలుగురు వెళ్తారు. మెట్ల మీద పెద్దవాడు రాయి ముట్టుకోడని ఇద్దరి మధ్యా ఒప్పందం. అతను ముందుగా వెళ్ళి గోడలు కొలిచి, అట్టముక్కతో నమూనా కోసి తెస్తాడు. షెడ్డులో కోతా, మెరుగూ చిన్నవాడి చేతికొచ్చాయి. పనివాళ్ళు అతన్ని మళ్ళీ క్రేను అంటున్నారు. పిలిచినప్పుడల్లా అతను అన్నవైపు చూడకుండా ఉండటం నేర్చుకున్నాడు.

పెద్దవాడి బొటనవేలి కండ కొంచెమే వచ్చింది. వేళ్ళ కొసల్లో మాత్రం స్పర్శ తిరిగొచ్చింది. మొన్న ఒకరోజు చిన్నవాడు మెరుగుపెట్టి పక్కన నిలబెట్టిన రాయి అంచు మీద అతను కళ్ళు మూసుకుని వేళ్ళు పోనిచ్చాడు. సగంలో ఆగాడు.

"ఇక్కడ గరుకుంది," అన్నాడు.

"ఏం లేదు. అద్దంలా ఉంది."

"ఉందిరా. నాకు తెలుస్తోంది."

చిన్నవాడు వచ్చి తన వేలు పెట్టి చూశాడు. అతనికేమీ తెలియలేదు. అన్న ఒప్పుకోలేదు. వదిన వచ్చి, ఫోను చెవికి ఆనించుకునే, తనూ వేలు పెట్టి చూసి ఎటూ చెప్పకుండా వెళ్ళిపోయింది. కాసేపు వాదించుకున్నాక చిన్నవాడు విసుక్కుంటూ మెరుగు బిళ్ళ మార్చి, మిషను ఆన్ చేశాడు.